ఎలుకలు పట్టే పిల్లిని కాపాడుకోవడం ఎలా

"ఎలుకను తింటే పిల్లికి ఏమన్నా అయితదా మేడం?" పిల్లిని పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మామూలు ఎలుకను తింటే చాలాసార్లు పెద్దగా ఏమీ కాదు. కడుపులో నట్టలు పడతాయి, వాటికి మందుంది. విషపు మందు తిన్న ఎలుకను తింటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ముందు ఎలుకల మందు సంగతి చూసుకోవాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

నేను పశువుల దవాఖానలో వెటర్నరీ అసిస్టెంటుగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఉన్నన్ని రోజులూ బర్రెలు, మేకలు, గొర్రెలే ఎక్కువ చూశాను. పిల్లిని తెచ్చేవాళ్లు తక్కువ. తెచ్చినవాళ్లు కూడా చివరి గడియలో తెచ్చేవాళ్లు. "నిన్నటిదాకా మంచిగనే ఉండె" అనేవాళ్లు. నిజానికి ఆ పిల్లి రెండు మూడు రోజుల నుంచి మంచిగా లేదు, ఎవరూ గమనించలేదు అంతే. ఇప్పుడు వరంగల్ కాశిబుగ్గలో మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. సింగడు అనే గండుపిల్లి, మైన అనే ఆడపిల్లి. మా వెనక సందులో బియ్యం గోదాములు, కొంచెం అవతల ఏనుమాముల మార్కెట్. ధాన్యం ఉన్నచోట ఎలుకలు ఉండక తప్పదు, అవి ఉన్నచోట ఎవరో ఒకరు మందు పెట్టక మానరు. అందుకే ఇది మా వీధిలో ఏడాది పొడవునా ఉండే టెన్షన్.

మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే పిల్లిని కాపాడగలం

మన దగ్గర ఎక్కువగా వాడేది బ్రోమాడయోలోన్. పొలాల్లో రైతులు 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి చిన్న పొట్లాలు కట్టి ఎలుక బొరియల్లో వేస్తారు. ఇళ్లల్లో, దుకాణాల్లో అదే మందును బిళ్లల రూపంలో కొని అల్మారా కింద పెడతారు. ఇది తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తిరుగుతూనే ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్ కె ను ఒళ్లు మళ్లీ పనికొచ్చేలా చేసుకుంటుంది. ఈ మందు ఆ పనిని ఆపేస్తుంది. ఒంట్లో నిల్వ ఉన్నది అయిపోయేదాకా ఏమీ తెలియదు. అయిపోయాక లోపల రక్తం కారడం మొదలవుతుంది.

పిల్లికి ప్రమాదం సరిగ్గా ఎలుక మందు తిన్నాక చచ్చేలోపు ఉండే ఆ రోజుల్లోనే. మందు తిన్న ఎలుక నీరసపడుతుంది, పట్టపగలు గోడవారగా మెల్లగా నడుస్తుంది, పిల్లిని చూసినా పరుగెత్తదు. అలాంటి ఎలుక పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఒక్క ఎలుకతో పెద్ద పిల్లికి ఏమీ కాకపోవచ్చు. రోజూ ఒకటి చొప్పున తింటూ పోతే మందు పిల్లి కాలేయంలో చేరి వారాల తరబడి అక్కడే ఉంటుంది. పిల్లికూనలకూ, బక్కపిల్లులకూ అంత కూడా అక్కర్లేదు.

కాబట్టి మా ఇంట్లో నియమం ఒకటే: పిల్లి ఉంటే మందు లేదు. బోను పెడతాం. ఉదయం బోను చూసేది నేనే. చిట్టెలుకలకు కర్ర బోను చాలు, పందికొక్కులకు ఇనుప తీగల పెద్ద బోను కావాలి. బియ్యం, పప్పులు మూతలున్న ఇనుప డబ్బాల్లోకి మార్చాం. చిట్టెలుక పెన్సిల్ పట్టేంత సందులో నుంచి కూడా దూరుతుంది కాబట్టి మోరీ పైపు చుట్టూ, తలుపు కింద, వంటింటి గోడ మూలల్లో ఉన్న కన్నాలను సిమెంటుతో మూయించాం. సిమెంటు ఆరకముందే అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కితే ఎలుక మళ్లీ కొరకలేదు.

మీ ఇంట్లో పెట్టకపోయినా పక్కవాళ్లు పెడతారు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. మా సందులో ఉన్న ప్రతి దుకాణానికీ వెళ్లి, "అన్నా, మందు పెట్టేముందు ఒక్క మాట చెప్పు, మా పిల్లులను లోపల పెట్టుకుంట" అని అడిగాను. ఎవరూ కాదనలేదు. మందు పెట్టామని చెప్పిన రోజు నుంచి కనీసం రెండు వారాలు పిల్లిని బయటికి వదలకండి. చచ్చిన ఎలుకలు కనిపించడం ఆగాక కూడా ఇంకో నాలుగైదు రోజులు చూడండి. పల్లెల్లో అయితే యాసంగి నాట్లు పడ్డాక ఊరంతా కలిసి ఒకే రోజు పొలాల్లో మందు పెడుతుంటారు. ఆ కబురు గ్రామ పంచాయతీ దగ్గరో, వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరో ముందే తెలుస్తుంది. వర్ధన్నపేట వైపు పొలం ఉన్న మా మరిది ఆ రోజుల్లో పిల్లిని వడ్ల కొట్టంలో వేసి తాళం పెడతాడు. అది అరుస్తుంది, తలుపు గీకుతుంది. అరవనీయండి.

లక్షణాలు: చిగుళ్లు చూడడం నేర్చుకోండి

ఇది ప్రతి పిల్లి యజమానికీ రావాలని నా కోరిక. పిల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఒళ్లో కూర్చోబెట్టుకుని పై పెదవి పైకెత్తి చిగురు చూడండి. లేత గులాబి రంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు వస్తుంది. ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కొన్ని పిల్లులకు చిగుళ్ల మీద నల్ల మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, అందుకే మీ పిల్లి ఫొటోయే మీకు ఆధారం. రేపు అనుమానం వచ్చినప్పుడు దానితో పోల్చి చూడవచ్చు.

బ్రోమాడయోలోన్ తాలూకు లక్షణాలు ఎలుకను తిన్న రెండు మూడు రోజుల నుంచి వారం లోపు కనబడతాయి. పిల్లి మూలకు పోయి పడుకుంటుంది. తిండి మానేస్తుంది. చిగుళ్లు పాలిపోతాయి. ఆయాసం, దగ్గు వస్తే ఊపిరితిత్తుల దగ్గర రక్తం చేరిందని అనుమానించాలి. ఒక కాలు కుంటుతుంది, కీలు వాస్తుంది. ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, పొట్ట చర్మం మీద నీలి మచ్చలు కూడా రావచ్చు. ఇవన్నీ ఒకేసారి రావు. కుంటుతోంది కదా, ఎక్కడో దూకి ఉంటుందిలే అనుకున్న పిల్లి చిగుళ్లు తెల్లగా ఉంటే ఆ రోజే దవాఖానకు తీసుకుపోవాలి.

దీనికి విరుగుడు ఉంది. విటమిన్ కె1. ఈ "1" అంకె గుర్తుపెట్టుకోండి. మందుల షాపుల్లో విటమిన్ కె3 కూడా దొరుకుతుంది, ఈ విషానికి అది పనిచేయదు. డాక్టరు రాసిన చీటీలో ఏముందో, షాపువాళ్లు ఇచ్చిన డబ్బా మీద ఏముందో రెండూ చదివి సరిపోల్చుకోండి. కె1 ఇచ్చాక కూడా రక్తం గడ్డకట్టే శక్తి తిరిగి రావడానికి చాలా గంటలు పడుతుంది. అప్పటికే రక్తం బాగా పోయి ఉంటే పిల్లికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు. అందుకే ముందు వస్తే మంచిదని పదే పదే చెప్పేది.

రెండో మాట. ఈ కె1 మందు మూడు నాలుగు వారాలు ఆపకుండా వేయాలి. నాలుగో రోజుకే పిల్లి లేచి తిరుగుతుంది, అన్నం తింటుంది. తగ్గిందనుకుని ఆపేస్తారు. కాలేయంలో విషం ఇంకా ఉంది కాబట్టి వారం తిరగకముందే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది, ఈసారి పిల్లి దక్కకపోవచ్చు. మందును కొంచెం కొవ్వున్న తిండితో కలిపి పెడితే ఒంటికి బాగా పడుతుంది. కోర్సు అయిపోయిన రెండు మూడు రోజులకు రక్తం గడ్డకట్టే సమయం పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష సరిగ్గా వస్తేనే పూర్తయినట్టు.

వేరే ఎలుకల మందులూ ఉన్నాయి, వాటికి కె1 పనిచేయదు

నల్లటి బూడిదలాంటి పొడి ఒకటుంది, జింక్ ఫాస్ఫైడ్. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వస్తుంది. కడుపులోని ఆమ్లం తగిలితే విషవాయువు పుడుతుంది. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, ఆయాసం, గిలగిలా కొట్టుకోవడం, ఫిట్స్ వస్తాయి. ఎలుక ఒంట్లో ఈ మందు పేరుకోదు కానీ, ఎలుక కడుపులో అరగకుండా మిగిలిన మందుతో సహా పిల్లి తినేస్తే ప్రమాదమే. దీనికి విరుగుడు లేదు, డాక్టరు చేసే చికిత్సే దిక్కు. దారిలో పాలు, అన్నం పెట్టకండి. కడుపులోకి తిండి పోతే ఆమ్లం ఊరి వాయువు ఇంకా పుడుతుంది. పిల్లి వాంతి చేసుకుంటే ఆ వాసన మనకూ హాని చేస్తుంది. ఆటో అయితే పక్క పరదాలు ఎత్తించండి, కారు అయితే అద్దాలన్నీ దించండి.

ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. టమాటా ముక్క మీదో, రొట్టె మీదో పూసి పెడతారు. ఇది మోసపు విషం. మొదట వాంతులై, ఒకటి రెండు రోజులు తగ్గినట్టే కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. నూనె, నెయ్యి, పాలు పడితే ఈ విషం ఒంట్లోకి ఇంకా ఎక్కువగా ఎక్కుతుంది. "విషం తింటే నెయ్యి పట్టు" అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్తారు, ఇక్కడ మాత్రం ఆ మాట వినకండి. ఈ పేస్టు మనుషుల ప్రాణాలు కూడా తీస్తుంది. పిల్లి ఉన్నా లేకపోయినా ఇంట్లోకి తేవొద్దు.

గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి కూడా జింక్ ఫాస్ఫైడ్ లాంటిదే. ఆ గోదాం మూసి ఉన్న రోజుల్లో పిల్లి ఆ వైపు పోకూడదు.

ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించడం వద్దు. ఉప్పు ఎక్కువై పిల్లి చస్తుంది. నోట్లో బలవంతంగా ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పిల్లికి వాంతి చేయించే మందు డాక్టరు దగ్గర ఉంటుంది, అది కూడా తిన్న కొద్దిసేపటిలోనే పనికొస్తుంది. మీ పని ఒక్కటే: మందు ప్యాకెట్టో, దాని ముక్కో దొరికితే కవర్‌లో వేసుకుని పిల్లితో పాటు పట్టుకుపోవడం. ఏ విషమో తెలిస్తే డాక్టరు వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది.

పిల్లిని తీసుకుపోవడానికి గోనెసంచి వాడకండి. ఆయాసపడే పిల్లికి సంచిలో గాలి ఆడదు. కూరగాయలు తెచ్చే ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది కదా, అందులో తువ్వాల పరిచి, పైన ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మామునూరులో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉంది, హనుమకొండలో, వరంగల్‌లో ప్రైవేటు క్లినిక్కులున్నాయి. ఏది దగ్గరైతే అక్కడికి పోండి, ముందు ఫోన్ చేసి డాక్టరు ఉన్నారో కనుక్కోండి. రాత్రిపూట ఎవరు చూస్తారో మీ పిల్లి బాగున్న రోజే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి.

జిగురు అట్టలు కూడా పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. అంటుకుంటే పెట్రోలు, కిరోసిన్ రాయకండి. వంటనూనె రాసి మెల్లగా వేళ్లతో వదిలించి, గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడగాలి.

నట్టలు

ఎలుకలు తినే ప్రతి పిల్లికీ నట్టలు ఉన్నట్టే అనుకోండి. బద్దె పురుగు పిల్లదశ ఎలుక కాలేయంలో తెల్లటి గుళికలాగా ఉంటుంది. పిల్లి ఆ ఎలుకను తింటే పేగుల్లో పెద్ద పురుగుగా పెరుగుతుంది. పిల్లి తోక కింద వెంట్రుకలకు, పడుకున్న బట్ట మీద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి ఆ పురుగు ముక్కలే. తాజాగా ఉంటే కదులుతాయి కూడా. ఏలికపాములు కూడా ఎలుకల ద్వారా వస్తాయి, తల్లి పాల ద్వారా కూనలకు పోతాయి.

ఎలుకలు పట్టే పిల్లికి మూడు నెలలకు ఒకసారి తప్పకుండా నట్టల మందు వేయాలి. బాగా వేటాడే పిల్లికి ఇంకా తరచుగా వేయమని డాక్టరు చెప్పవచ్చు. పిల్లుల కోసమే వచ్చే, ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ కలిసిన మాత్ర అడగండి. బరువును బట్టి మోతాదు ఉంటుంది కాబట్టి ముందు తూకం వేయండి. మా సింగడిని బుట్టలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూస్తాను, బుట్ట బరువు తీసేస్తాను. కూనలకు మూడు వారాల వయసు నుంచే, రెండు వారాలకోసారి, వాటి వయసుకు తగ్గ మందు మొదలుపెట్టాలి.

బడిలో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను సగం విరిచి పిల్లికి వేసేవాళ్లను చూశాను. అది పిల్లి ఎముకల్లోని మూలుగును దెబ్బతీయగలదు. వేయకండి.

మాత్ర వేసే పద్ధతి ఇది. పిల్లిని తువ్వాలలో, తల మాత్రమే బయట ఉండేలా, గట్టిగా చుట్టండి. గోళ్లు లోపలే ఉండాలి. ఎడమ చేత్తో తల పైనుంచి దవడ మూలలు పట్టుకుని తల కొంచెం పైకి ఎత్తితే నోరు కాస్త తెరుచుకుంటుంది. కుడి చేతి నడిమి వేలితో కింది దవడ దించి, మాత్రను నాలుక మీద బాగా లోపలికి వేసి నోరు మూయండి. గొంతు మీద నిమిరితే మింగుతుంది. ఆ తర్వాత సూది లేని సిరంజితో ఒక చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా 5 మి.లీ. నీళ్లు పట్టండి. ఈ నీళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. మాత్ర గొంతు గొట్టంలో ఆగిపోతే అక్కడ పుండు పడుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలతో ఇది మరీ ఎక్కువ.

ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే

కోడలు నెల తప్పిందని తెలియగానే పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేసే ఇళ్లు నాకు తెలుసు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే అవసరమే లేదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి గురించి ఆ భయం. పిల్లికి అది ఎలుకల నుంచి, పిట్టల నుంచి, పచ్చి మాంసం నుంచి వస్తుంది. మొదటిసారి సోకినప్పుడు సాధారణంగా ఒకటి రెండు వారాలు పిల్లి విరేచనంలో దాని గుడ్లలాంటివి పడతాయి, తర్వాత ఆగిపోతాయి. అప్పుడే పడ్డ విరేచనం అంటించదు. ఆ గుడ్లు ముదిరి అంటించే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు, ఐదు రోజుల వరకూ పడుతుంది.

అందుకని చేయాల్సింది తేలిక. ఇసుక డబ్బాను రోజూ, పొద్దున్నే, ఇంట్లో వేరేవాళ్లు శుభ్రం చేయాలి, కడుపుతో ఉన్నావిడ కాదు. వేరేవాళ్లు లేకపోతే చేతులకు గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో బాగా కడుక్కోవాలి. పెరట్లో మట్టి పని, తోటకూర పీకడం కూడా గ్లవ్స్‌తోనే. మనుషులకు ఇది ఎక్కువగా సరిగ్గా ఉడకని మాంసం నుంచి, కడగని కూరగాయల నుంచి వస్తుంది కాబట్టి మటన్ బాగా ఉడికించండి, ఆకుకూరలు బాగా కడగండి. పిల్లిని నిమిరితే రాదు. అనుమానం ఉంటే గైనకాలజిస్టును రక్తపరీక్ష గురించి అడగవచ్చు.

గొర్రెలు, మేకలు ఉన్నవాళ్లకు ఒక మాట. ఇదే సూక్ష్మజీవి గొర్రెల్లో గర్భాలు పోవడానికి కారణమవుతుంది. దాణా బస్తాల మూతులు కట్టి ఉంచండి. గడ్డివాములో పిల్లి దొడ్డికి పోకుండా పైన పట్టా కప్పండి. కొట్టం చుట్టూ కొత్తగా కూనలు తిరుగుతుంటే ఇంకా జాగ్రత్త, అవే మొదటిసారి సోకి విసర్జించేవి.

కాట్లు, గాయాలు

చిట్టెలుకతో పిల్లికి గాయం కాదు. పందికొక్కు అలా కాదు, మూలకు తరిమితే ఎదురు తిరుగుతుంది. దాని పళ్లు ముందుకాళ్ల మీద, మొహం మీద దిగుతాయి. పైకి చిన్న చుక్కలాగా కనిపించి మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో అక్కడ వాచి, వేడిగా ఉండి, ముట్టుకుంటే పిల్లి బుస్సుమంటుంది. డాక్టరు చీము తీసి యాంటీబయాటిక్ ఇవ్వాలి.

కాటు తాజాగా కనిపిస్తే, అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా ఉప్పు కలిపి, సిరంజితో గాయాన్ని కడగండి. డెట్టాల్ రాయకండి. డెట్టాల్, ఫినాయిల్ లాంటివి పిల్లి ఒంటికి విషం. నేలకు ఫినాయిల్ వేసి తుడిస్తే ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానీయవద్దు, పాదాలు నాక్కుంటుంది.

జ్వరంగా ఉందని పారాసిటమాల్ వేయవద్దు. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఒక్క 500 మి.గ్రా. మాత్ర పిల్లిని చంపగలదు. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టుకోలేదు. చిగుళ్లు గోధుమ రంగుకు మారతాయి, మొహం వాస్తుంది, ఊపిరి అందదు. పిల్లల సిరప్ అయినా అంతే. పిల్లికి మామూలుగానే మనకంటే ఒళ్లు వెచ్చగా ఉంటుంది, 100.5 నుంచి 102.5 డిగ్రీల దాకా అది జ్వరం కాదు.

గోమార్లకు కుక్కల మందు పోయడం కూడా ఇలాంటిదే. కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లికి ఫిట్స్ తెప్పిస్తుంది. డబ్బా మీద పిల్లి బొమ్మ ఉన్నదే కొనండి.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించండి. ఎలుకల నుంచి కాదు, రాత్రి వేటకు పోయినప్పుడు ఎదురయ్యే వీధి కుక్కల వల్ల అది అవసరం. పిల్లి మిమ్మల్ని కరిస్తే, రక్తం వచ్చేలా గీరితే, సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వరంగల్ ఎంజీఎం దవాఖానకో దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానకో వెళ్లి చూపించుకోండి.

చచ్చిన ఎలుకను ఎలా తీయాలి

పిల్లి సగం తిని గుమ్మంలో పెట్టిన ఎలుకను చీపురుతో ఊడ్చేయడం అందరూ చేసే పని. అలా చేయకండి. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉంటుంది, దాంతో వచ్చేదే ఎలుక జ్వరం. పిల్లులకు దీనితో జబ్బు చేయడం అరుదు. జబ్బు మనకు, కుక్కలకు. చేతి మీద, కాలి మీద ఉన్న చిన్న గాయం చాలు. తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం, కొందరికి కామెర్లు వస్తాయి. 2023 జూలైలో వరంగల్ కాలనీలు మునిగినట్టు నీళ్లొచ్చిన రోజుల్లో భయం ఇంకా ఎక్కువ, ఎలుక బొరియలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

రెండు ప్లాస్టిక్ కవర్లు చేతికి తొడుక్కుని ఎలుకను పట్టుకుని, కవర్లను తిరగేసి ముడి వేయండి. పెరడు ఉంటే కవర్ లేకుండా రెండు అడుగుల లోతున పాతిపెట్టండి, లేదంటే మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. ఆ చోట బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలాగి కడిగేయండి, అంతవరకూ పిల్లిని రానీయకండి. జ్వరమొస్తే డాక్టరుకు ఎలుకల సంగతి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగవద్దు.

తిండి పెడితే ఎలుకలు పట్టదా?

"కడుపు నింపితే సోమరైతది, ఎలుకలు పట్టది" అని పిల్లిని పస్తులు పెట్టే వాళ్లున్నారు. పిల్లి వేటాడేది ఆకలి కోసమే కాదు, ఎలుక కదిలితే దూకడం దాని పుట్టుక. ఆకలితో ఉన్న పిల్లి మాత్రం పట్టినదాన్ని తోకతో సహా తింటుంది, చచ్చిపడిన ఎలుకను కూడా వదలదు. మందు ఉన్న వీధిలో అది దాని చావుకే వస్తుంది. కడుపు నిండిన పిల్లి చాలాసార్లు పట్టి, ఆడి, వదిలేస్తుంది. ఇంగ్లాండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధనలో, మాంసం ఎక్కువున్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన పిల్లులకు 25 శాతం తగ్గింది. వేట తగ్గితే విషం తగిలే అవకాశమూ తగ్గుతుంది. మైన కోసం నేను ఒక కర్రకు దారం, దారానికి కోడి ఈక కట్టాను. పొద్దుగూకే వేళ దానితో ఆడిస్తాను, ఎందుకంటే వేట మీద మనసు పోయేది అప్పుడే.

పెరుగన్నం, పాలన్నం మీదే పిల్లిని పెంచడం మన దగ్గర అలవాటు. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, అది ప్రధానంగా మాంసంలో, చేపల్లో ఉంటుంది. లేకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. అన్నం మీద బతుకుతూ ఎలుకలు పట్టే పిల్లికి ఆ ఎలుకల ద్వారానే ఇన్నాళ్లూ అది అందుతూ ఉంటుంది. కాబట్టి పిల్లిని లోపల పెట్టి వేట మాన్పించేటప్పుడు తిండి తప్పకుండా మార్చాలి. చికెన్ షాపులో కందనకాయ, గుండెకాయ, మెడ మాంసం చవకగా దొరుకుతాయి. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసి, ఉడికిన నీళ్లతో సహా పెట్టండి, టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. కార్జం వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఇదొక్కటే పూర్తి తిండి కాదు, వీలైతే రోజుకో పూట పిల్లుల ప్యాకెట్ తిండి కూడా కలపండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి కాబట్టి మన కూర అస్సలు పెట్టకండి.

రోజూ రెండు పూటలా పెట్టండి, పెద్ద పూట సాయంత్రం. తిన్నాక తలుపు వేసి, పొద్దున వెలుగు వచ్చేదాకా లోపలే ఉంచండి. మొదట్లో అరుస్తుంది, కొన్ని రోజులకు అలవాటు పడుతుంది. రాత్రి గిన్నెలో ఏమీ మిగల్చకండి, కడిగి బోర్లించండి. మిగిలిన ముక్కల వాసనకు ఎలుకలు వంటింట్లోకి వస్తాయి.